ఒకే మాత్ర అందరికీ ఎందుకు పడదు?

మన ఇళ్ళలో పెద్దవాళ్ళ నోట తరచూ వినే మాట ఒకటుంది: "ఆ మందు నా ఒంటికి పడదు." డాక్టర్లలో కొందరు ఈ మాటకు నవ్వేస్తారు. చదువుకున్న పిల్లలు విసుక్కుంటారు. ఇన్నేళ్ళు బళ్ళో పాఠాలు చెప్పిన మేమూ ఆ విసుక్కునేవాళ్ళలోనే ఉండేవాళ్ళం. ఈ మాటలో ఎంత శాస్త్రం ఉందో మాకు ఈ మధ్యనే తెలిసింది. తెలిసిన సందర్భం మాత్రం సంతోషకరమైనది కాదు.

మా దగ్గర పదో తరగతి చదివిన అబ్బాయి ఒకడు. లెక్కల్లో నూటికి తొంభై ఎప్పుడూ తగ్గేవి కావు. ఇంటర్ రెండో సంవత్సరంలో నిద్రపోవడం మానేశాడు. గోడ అవతల ఎవరో తన గురించే మాట్లాడుకుంటున్నారనేవాడు. అమ్మ పెట్టిన అన్నంలో ఏదో కలిపారని పళ్ళెం తోసేసేవాడు. తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడు. తల్లి ముందు దర్గాకు తీసుకెళ్ళింది, తావీజు కట్టించింది, చివరికి మా మాట మీద ఆస్పత్రికీ తీసుకెళ్ళింది. అక్కడ హాలోపెరిడాల్ సూది వేసి, అదే మందు మాత్రలు రాసి పంపించారు. రెండో రోజు రాత్రి అబ్బాయి మెడ ఒక పక్కకు మెలితిరిగిపోయింది. నాలుక మొద్దుబారి మాట రాలేదు. కళ్ళు పైకి వెళ్ళిపోయి తెల్లగుడ్లు మాత్రమే కనబడ్డాయి. చుట్టూ చేరిన ఆడవాళ్ళు "లోపలున్న జిన్‌కి మందు నచ్చలేదు, అందుకే ఇలా చేస్తోంది" అన్నారు. ఆ తల్లి మాత్రలన్నీ తీసి మురుగు కాలవలో పారేసింది.

నిజానికి అది ఈ తరహా మందులకు వచ్చే దుష్ఫలితం. పేరు డిస్టోనియా. వయసులో ఉన్న మగపిల్లల్లో ఎక్కువగా వస్తుంది. ప్రోమెథజిన్ వంటి సూది ఒకటి వేస్తే చాలావరకు అరగంటలో మెడ మామూలుగా తిరుగుతుంది. ఈ రెండు ముక్కలూ ముందే ఆమెకు చెప్పి పంపి ఉంటే సరిపోయేది. ఎవరూ చెప్పలేదు. ఎనిమిది నెలలు ఆ అబ్బాయి ఏ వైద్యమూ లేకుండా ఉన్నాడు. ఆ ఎనిమిది నెలల్లో రెండుసార్లు ఇల్లు విడిచి వెళ్ళిపోయాడు.

అదే వీధిలో నలభై దాటిన దర్జీ ఒకాయన ఉన్నాడు. అదే జబ్బు, అదే ఆస్పత్రి, అదే మందు. నెల తిరిగేసరికి మిషను ముందు కూర్చున్నాడు. అందుకే మన వైద్య సహాయ కమిటీ సమావేశంలో ఒక దాత మమ్మల్ని అడిగారు: "మాస్టారూ, దర్జీ భాయికి పనిచేసిన మందు ఈ అబ్బాయికి ఎందుకు పనిచెయ్యదండీ? తల్లి సరిగ్గా వెయ్యలేదేమో. ఇప్పుడు ఖరీదైన మందు అడుగుతున్నారు, ఇవ్వడం న్యాయమేనా?" ఆయన చెడ్డ మనసుతో అడగలేదు. జకాత్ సొమ్ము లెక్కగా ఖర్చు కావాలన్న బాధ్యతతో అడిగారు. అప్పుడు మా దగ్గర జవాబు లేదు. తర్వాత కొన్ని నెలలు పుస్తకాలు చూసి, తెలిసిన డాక్టర్లను అడిగి నేర్చుకున్నది ఇక్కడ రాస్తున్నాం. మేము డాక్టర్లం కాము. ఇది చదివి ఎవరూ మందు మార్చుకోకూడదు, మానకూడదు.

ముందు ఈ మందుల సంగతి. 1950 చివర్లో ఫ్రాన్స్‌లోని రోన్ పూలెంక్ కంపెనీలో పాల్ షార్పాంతియే అనే రసాయన శాస్త్రవేత్త క్లోర్‌ప్రోమజిన్ తయారుచేశారు. దాన్ని మొదట ఆపరేషన్ల సమయంలో మత్తుకు తోడుగా వాడి చూశారు. 1952లో పారిస్‌లోని సెయింట్ ఆన్ ఆస్పత్రిలో జాన్ దెలే, పియేర్ దెనికేర్ దాన్ని మానసిక రోగులకు ఇచ్చి ఫలితాలు ప్రకటించారు. ఏళ్ళ తరబడి వార్డుల్లో కట్టుబడి ఉన్నవాళ్ళు మనుషులతో మాట్లాడడం మొదలుపెట్టారు. 1958లో బెల్జియంలో పాల్ జాన్సెన్ ప్రయోగశాల నుంచి హాలోపెరిడాల్ వచ్చింది. తర్వాత రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్, అరిపిప్రజోల్ ఇలా చాలా వచ్చాయి. వీటన్నిటినీ కలిపి యాంటీ సైకోటిక్ మందులంటారు.

ఇవి చాలావరకు మెదడులో డోపమిన్ అనే రసాయనం పని మీద ప్రభావం చూపిస్తాయి. డోపమిన్ వచ్చి కూర్చునే పీటల్లాంటివి కొన్ని ఉంటాయి. వాటిలో డి2 రకం గ్రాహకాలు ముఖ్యమైనవి. మందు వెళ్ళి ఆ పీటల మీద ముందే కూర్చుంటుంది. హాలోపెరిడాల్ మీద మెదడు స్కానింగులతో చేసిన పరిశోధనలో సుమారు 65 శాతం పీటలు నిండితే జబ్బు తగ్గడం మొదలవుతుందనీ, 78 శాతం దాటితే కండరాలు బిగుసుకోవడం, వణుకు వంటివి వస్తాయనీ తేలింది. ఈ రెండు అంకెల మధ్య ఎంత సన్నటి సందు ఉందో చూడండి. రక్తంలో మందు కొంచెం తగ్గితే పని జరగదు, కొంచెం పెరిగితే బాధ మొదలవుతుంది. మాత్ర మీద రాసిన మిల్లీగ్రాములు అందరికీ ఒకటే. కానీ రక్తంలో చేరే మందు అందరికీ ఒకటి కాదు. అసలు చిక్కంతా ఇక్కడే ఉంది.

పిల్లలకు చెప్పినట్టు చెబుతాం. రెండు చెరువులున్నాయనుకోండి. రెండింటిలోకీ రోజూ ఒకే కొలత నీళ్ళు వస్తున్నాయి. ఒక చెరువు తూము వెడల్పు, రెండో దాని తూము ఇరుకు. నెల గడిచేసరికి ఒకదానిలో మోకాలి లోతు నీళ్ళు ఉంటే, రెండోది గట్టు తెగేట్టు ఉంటుంది. మన ఒంట్లో మందుకు తూము కాలేయం. అక్కడ మందుల్ని విరగ్గొట్టి బయటికి పంపే ఎంజైములు ఉంటాయి. వాటిలో సీవైపీ 2డి6 అనే దాని పేరు గుర్తుపెట్టుకోవాలి. హాలోపెరిడాల్, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ మూడూ ఎంతో కొంత దీని గుండానే పోతాయి. ఈ ఎంజైమును తయారుచేసే సూత్రం, అంటే జన్యువు, 22వ క్రోమోజోము మీద ఉంది. తల్లి నుంచి ఒక ప్రతి, తండ్రి నుంచి ఒక ప్రతి వస్తాయి.

దీన్ని కనిపెట్టిన కథ మాకు చాలా నచ్చింది. 1970 దశకంలో లండన్ సెయింట్ మేరీస్ వైద్య కళాశాలలో రాబర్ట్ స్మిత్ అనే పరిశోధకుడు డెబ్రిసోక్విన్ అనే రక్తపోటు మందు మీద పనిచేసేవారు. ఒకరోజు సహచరులతో పాటు తానూ ఆ మందు మింగారు. మిగతావాళ్ళకు పెద్దగా ఏమీ కాలేదు. స్మిత్‌కు మాత్రం రక్తపోటు బాగా పడిపోయి నిలబడలేకపోయారు. మూత్రం పరీక్షిస్తే, మిగతావాళ్ళ ఒళ్ళు మందును విరగ్గొట్టింది గానీ ఆయన ఒళ్ళు ఆ పని చేయలేదని తెలిసింది. తన ఒంటి మీద పడిన దెబ్బను పట్టుకుని ఆయన ప్రశ్న అడిగారు. కుటుంబాలను పరీక్షించి, ఇది తల్లిదండ్రుల నుంచి వచ్చే లక్షణమని 1977లో ప్రకటించారు. "నా ఒంటికి పడదు" అనే మన అవ్వల మాట అలా ప్రయోగశాలకు ఎక్కింది.

తూము వెడల్పును బట్టి మనుషులు స్థూలంగా నాలుగు రకాలు. రెండు ప్రతులూ పనిచేయనివాళ్ళు ఒక రకం, వీళ్ళ తూము దాదాపు మూసుకుపోయినట్టే. అరకొరగా పనిచేసేవాళ్ళు, మామూలువాళ్ళు మరో రెండు రకాలు. ఇక నాలుగో రకానికి ఈ జన్యువు అదనపు ప్రతులు ఉంటాయి, మందు వేసుకున్నా ఒంట్లో నిలవదు. ఐరోపా సంతతిలో నూటికి 5 నుంచి 10 మంది మొదటి రకం. చైనా, జపాన్ వైపు నూటికి ఒక్కరు కూడా కష్టం. మన దేశం ఈ రెంటికీ నడుమన ఉంది. నాలుగో రకం ఉత్తర ఐరోపాలో నూటికి ఒకరిద్దరైతే, ఇథియోపియాలో చూసిన లెక్కలో సుమారు 29 మంది, సౌదీ అరేబియాలో సుమారు 20 మంది. ఈ మాట ఒకచోట చెబితే, ఇరవై ఏళ్ళు జెద్దాలో పనిచేసి వచ్చిన పెద్దమనిషి "అయితే నాకూ అలా మారి ఉంటుందా?" అని అడిగారు. మారదు. జన్యువు వీసాతో రాదు, వంశంతో వస్తుంది.

దీనివల్ల రోగికి నిజంగా తేడా పడుతుందా? నార్వే దేశం ఓస్లోలో, మామూలు వైద్యంలో ఉన్న రోగుల రికార్డుల మీద చేసిన అధ్యయనం 2019లో వచ్చింది. రిస్పెరిడోన్ వాడినవాళ్ళు 1,288 మంది, అరిపిప్రజోల్ వాడినవాళ్ళు 1,334 మంది. రిస్పెరిడోన్ వాడినవాళ్ళలో తూము మూసుకుపోయినవాళ్ళకు ఆ మందు మానేసి వేరే దానికి మారాల్సిన అవకాశం మామూలువాళ్ళ కన్నా దాదాపు రెండింతలు, తూము మరీ వెడల్పైనవాళ్ళకు దాదాపు మూడింతలు ఉంది. ఒకవైపు మందు ఎక్కువై, మరోవైపు మందు చాలక. ఈ రెండో రకం రోగి ఇంట్లో ఏం జరుగుతుందో ఊహించండి. తల్లి తన చేత్తో రోజూ మాత్ర వేస్తుంది. జబ్బు తగ్గదు. అందరూ "నువ్వు వెయ్యడం లేదు" అంటారు. మన కమిటీలో అన్నట్టే.

అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఆమోదించిన అరిపిప్రజోల్ సమాచార పత్రంలోనే, 2డి6 పనిచేయనివాళ్ళకు మామూలు మోతాదులో సగం ఇవ్వాలని రాసి ఉంది. పిమోజైడ్ అనే పాత మందుకైతే పెద్దవాళ్ళలో రోజుకు 4 మిల్లీగ్రాములు దాటించే ముందు జన్యు పరీక్ష చేయమని ఉంది. కాబట్టి ఇదంతా ప్రయోగశాలలో మిగిలిపోయిన సంగతి కాదు.

ఇక్కడ మన ఇళ్ళకు సంబంధించిన లెక్క ఒకటి చెప్పాలి. నల్లబల్ల మీద వేసినట్టే వేద్దాం. ఒక సమాజంలో నూరు ప్రతుల్లో పది పనిచేయనివి అనుకుందాం. చుట్టరికం లేని ఇద్దరికి పుట్టిన బిడ్డకు రెండూ పనిచేయని ప్రతులే వచ్చే అవకాశం పదిలో ఒకటి గుణించు పదిలో ఒకటి, అంటే నూటికి ఒకటి. పదివేల మందిలో 100 మంది. ఇప్పుడు అన్నదమ్ముల పిల్లలో, అక్కచెల్లెళ్ళ పిల్లలో, మేనత్త మేనమామ పిల్లలో పెళ్ళాడారనుకోండి. వాళ్ళ బిడ్డకు రెండు వైపుల నుంచీ ఒకే తాత లేదా అవ్వ ప్రతి వచ్చే అవకాశం 16లో 1. ఆ భాగంలో పనిచేయని జత వచ్చే అవకాశం నూటికి ఒకటి కాదు, పదికి ఒకటి. మిగతా 15 భాగాల్లో మామూలు లెక్కే. కూడితే పదివేలలో 156 వస్తుంది. మనలో లేదు గానీ పొరుగిళ్ళలో మేనమామకు పిల్లనిచ్చే ఆచారం ఉంది. ఆ లెక్క వేస్తే పదివేలలో 212 దాకా పోతుంది. దగ్గరి సంబంధాలు చేసుకున్న ఇంట్లో ఒకరికి మందు పడలేదంటే ఆ మాటను తేలిగ్గా తీసిపారేయకూడదన్నంత వరకే ఈ లెక్క. దీన్ని పట్టుకుని ఎవరి పెళ్ళి మీదా తీర్పులు చెప్పవద్దు. 2డి6 ప్రతి పనిచేయకపోవడం జబ్బు కాదు. అలాంటి మందు జోలికి పోకపోతే నూరేళ్ళు హాయిగా బతకవచ్చు.

జన్యువు వల్ల మందు పడకపోవడం మన తెలుగు నేలకు కొత్తేమీ కాదు. ఆపరేషన్ ముందు కండరాలు సడలించడానికి సక్సినైల్ కోలిన్ అనే మందు ఇస్తారు. దాని ప్రభావం నిమిషాల్లో పోవాలి. వైశ్య కుటుంబాల్లో కొందరికి దాన్ని విరగ్గొట్టే ఎంజైము పుట్టుకతోనే ఉండదు. గంటల తరబడి ఊపిరి కండరాలు కదలక వెంటిలేటర్ మీద పెట్టాల్సి వస్తుంది. ఈ సంగతి తెలిసిన మత్తు డాక్టర్లు ఆపరేషన్‌కు ముందు "మీ ఇంట్లో ఎవరికైనా మత్తు తర్వాత ఇబ్బంది వచ్చిందా?" అని అడుగుతారు. ఒక్క ప్రశ్న. ఖర్చు లేదు. మానసిక వైద్యంలోనూ అదే ప్రశ్న అడగడం అలవాటైతే ఎంత బాగుండునో.

ఇంతవరకూ చెప్పింది ఒళ్ళు మందును ఏం చేస్తుందన్నది. మందు ఒంటిని ఏం చేస్తుందన్నది రెండో సగం. అక్కడ చిత్రం ఇంత స్పష్టంగా లేదు. డి2 పీటను తయారుచేసే జన్యువు 11వ క్రోమోజోము మీద ఉంది. అందులోని కొన్ని మార్పులకూ మందు పనిచేసే తీరుకూ సంబంధం కనబడింది గానీ ఆ ప్రభావం చిన్నది. దాన్ని చూసి ఒక్క రోగికి కూడా మందు రాయలేరు. స్కిజోఫ్రీనియాకే ఒక జన్యువు అంటూ లేదు. 2022లో వచ్చిన అతిపెద్ద అధ్యయనం 76,755 మంది రోగుల జన్యువులు చూసి, జబ్బుతో సంబంధమున్న చోట్లు 287 లెక్కపెట్టింది. ఒక్కోదాని వాటా పిసరంత. పైగా ఇలాంటి అధ్యయనాల్లో ఎక్కువమంది ఐరోపా సంతతివాళ్ళే, మనవాళ్ళు బహు తక్కువ.

లావెక్కడం సంగతి వేరు, దాని గురించి ఇంకొంచెం తెలిసింది. మన అబ్బాయికి తర్వాత వేరే డాక్టరు ఒలాంజపిన్ తక్కువ మోతాదులో మొదలుపెట్టి నెమ్మదిగా పెంచారు. గోడ అవతలి గొంతులు ఆగిపోయాయి. కానీ ఏడాదిలో 14 కిలోలు పెరిగాడు. తల్లి "ఆకలి, ఆకలి అని వంటింట్లోనే తిరుగుతున్నాడు మాస్టారూ" అనేది. ఈ ఆకలి వాడి తిండిపోతుతనం కాదు, మందు చేసే పని. సెరటోనిన్ గ్రాహకాల్లో 2సి అనే రకం జన్యువులో ఒక మార్పు ఉన్నవాళ్ళు తక్కువగా లావెక్కుతారని 2002లో చైనా రోగుల్లో గమనించారు. ఆకలిని అదుపు చేసే ఎంసీ4ఆర్ జన్యువు దగ్గరి మార్పులు కొందరిని మరీ లావు చేస్తాయని ఆ తర్వాత పదేళ్ళకు తెలిసింది. అయినా మాకు తోచింది ఏమిటంటే, షుగరు జబ్బు ఇంటింటా ఉన్న మనకు జన్యువు చూసేదాకా ఆగే పని లేదు. ఈ మందులు మొదలుపెట్టిన ప్రతి ఒక్కరికీ బరువు, నడుము కొలత, షుగరు చూడాలి. టేపూ తూకమూ చాలు.

క్లోజపిన్ గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన సంస్థ సొమ్ము ఖర్చవుతున్న మందు అది. రెండు రకాల మందులు సరైన మోతాదులో, సరిపడినన్ని వారాలు వాడినా జబ్బు తగ్గని రోగులు దాదాపు మూడో వంతు ఉంటారు. వాళ్ళకు చివరి ఆశ లాంటిది క్లోజపిన్. 1988లో అమెరికాలో అలాంటి 268 మంది రోగుల మీద పరీక్షిస్తే ఆరు వారాల్లో క్లోజపిన్‌తో నూటికి 30 మంది మెరుగయ్యారు, పాత క్లోర్‌ప్రోమజిన్‌తో నూటికి నలుగురే. అంత మంచి మందు అంతకు ముందు పదమూడేళ్ళు ఎందుకు మూలన పడి ఉంది? 1975లో ఫిన్లాండ్‌లో ఆ మందు వాడినవాళ్ళలో కొందరికి తెల్లరక్తకణాలు దాదాపు మాయమై, ఎనిమిది మంది చనిపోయారు. చాలా దేశాల్లో ఆపేశారు. రక్తపరీక్షల నిబంధనతోనే మళ్ళీ తెచ్చారు. ఈ ప్రమాదం నూటికి ఒకరికన్నా తక్కువ మందికే వస్తుంది. వస్తే ఎక్కువగా మొదటి నెలల్లోనే వస్తుంది. అందుకే మొదట్లో వారం వారం రక్తం ఇవ్వాలి.

ఆ ఒక్కరెవరో ముందే చెప్పగల జన్యువు ఉందా అని వెతికారు. మన రోగనిరోధక వ్యవస్థకు గుర్తింపు కార్డుల్లాంటివి హెచ్‌ఎల్‌ఏ జన్యువులు. వాటిలో రెండు చోట్ల మార్పులు ఈ ప్రమాదంతో ముడిపడి ఉన్నట్టు 2014లో ప్రకటించారు. అయితే ఆ మార్పులున్నవాళ్ళలో కూడా చాలామందికి ఏమీ కాదు. లేనివాళ్ళకు కూడా ఎప్పుడైనా రావచ్చు. అందుకని ఆ పరీక్ష వచ్చింది కదా అని వారం వారం రక్తపరీక్ష మానలేరు. దీనికి ఎదురు సంగతి ఒకటుంది. ఆఫ్రికా సంతతిలో, అరబ్బుల్లో కూడా కొందరిలో, డఫీ అనే రక్తగ్రూపుకు సంబంధించిన జన్యు మార్పు వల్ల తెల్లకణాల లెక్క పుట్టుకతోనే తక్కువగా ఉంటుంది. వాళ్ళ ఆరోగ్యానికి దానివల్ల హాని లేదు. కానీ కాగితం మీద అంకె తక్కువ చూసి చాలాకాలం వాళ్ళకు క్లోజపిన్ ఇవ్వలేదు, ఇచ్చినా మధ్యలో ఆపేశారు. ఇప్పుడు వాళ్ళకు వేరే కొలబద్ద వాడుతున్నారు. ఒక జాతి సగటును అందరి నెత్తినా పెడితే జరిగే అన్యాయం ఇది.

జన్యువు గురించి ఇంత చెప్పాక, అదే సర్వస్వం అనుకోకుండా ఆపడం కూడా మా పనే. క్లోజపిన్, ఒలాంజపిన్ ఎక్కువగా సీవైపీ 1ఎ2 అనే మరో తూము గుండా పోతాయి. ఈ తూమును పొగాకు పొగ వెడల్పు చేస్తుంది. నికోటిన్ కాదు, పొగ. గుట్కా, జర్దా నమిలేవాళ్ళకు ఇది వర్తించదు, బీడీ సిగరెట్ కాల్చేవాళ్ళకు వర్తిస్తుంది. రోజుకు కట్ట బీడీలు కాల్చే మనిషికి కుదిరిన మోతాదు, అతను ఒక్కసారిగా మానేస్తే రెండు మూడు వారాల్లో ఎక్కువైపోవచ్చు. రక్తంలో మందు ఒకటిన్నర రెట్ల దాకా పెరిగి, మగతా చొంగా తూలుడూ మొదలవుతాయి. రంజాన్ నెలలో చాలామంది మంచి మనసుతో బీడీ మానేస్తారు. మానడం మంచిదే, మానమనే చెబుతాం. ముందు డాక్టరుకు చెప్పి మానాలి. పండగ తర్వాత మళ్ళీ మొదలుపెడితే మందు చాలక జబ్బు తిరగబెట్టవచ్చు, అదీ చెప్పాలి. రోజా ఉండాలనుకునే రోగి మాత్రల వేళల్ని సొంతంగా మార్చుకోకూడదు. రోగికి రోజా నుంచి మినహాయింపు ఉందని అందరికీ తెలుసు, కానీ ఇంట్లో అందరూ రోజా ఉంటే తానొక్కడే తినడానికి సిగ్గుపడి మాత్ర మానేసిన పిల్లల్ని మేము చూశాం.

మిగతా మందులూ తూముల జోలికి వస్తాయి. దిగులుకు ఇచ్చే ఫ్లూఓక్సెటిన్, పారోక్సెటిన్ 2డి6 తూముకు అడ్డం పడతాయి. జన్యువు నిక్షేపంలా ఉన్న మనిషి కూడా అప్పుడు మూసుకుపోయిన రకంలా ప్రవర్తిస్తాడు. మూర్ఛకు ఇచ్చే కార్బమజిపిన్, టీబీకి ఇచ్చే రిఫాంపిసిన్ వేరే తూములను బార్లా తెరిచేస్తాయి. హాలోపెరిడాల్, క్వెటియాపిన్, రిస్పెరిడోన్ ఒంట్లో నిలవవు. మన బస్తీల్లో టీబీ తక్కువేమీ కాదు. టీబీ మందులు మొదలయ్యాక మానసిక జబ్బు తిరగబెట్టిన మనిషిని "మందులు మింగడం మానేశాడు" అని తిట్టే ముందు రెండు చీటీలూ ఒకే డాక్టరుకు చూపించాలి.

పోయిన సంవత్సరం ఒక కంపెనీ మనిషి రంగురంగుల రిపోర్టుతో మన కమిటీ దగ్గరికి వచ్చాడు. బుగ్గ లోపల దూదితో తుడిచి పంపితే చాలు, ఏ మందు పడుతుందో పచ్చ, పసుపు, ఎరుపు రంగుల్లో చెప్పేస్తామన్నాడు. మనిషికి కొన్ని వేల రూపాయలు. ఒకరిద్దరు దాతలు ఉత్సాహపడ్డారు. మేము వద్దన్నాం. ఇప్పటికీ అదే మాట. 2డి6 సంగతి నమ్మదగినదే, రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ విషయంలో అది డాక్టరుకు పనికొస్తుంది. కానీ ఆ రిపోర్టులో పచ్చగా చూపించే మిగతా మందుల్లో చాలావాటికి అంత ఆధారం లేదు. ఏ మందు జబ్బు తగ్గిస్తుందో చెప్పే పరీక్ష ఇప్పటికి లేదు. ఏది ఒంట్లో పేరుకుంటుందో చెప్పే పరీక్షే ఉంది. ఒకటికి రెండు మందులు వింతగా వికటించి, చూస్తున్న డాక్టరే స్వయంగా కావాలని రాస్తే అప్పుడు ఇద్దాం. లేకపోతే ఆ సొమ్ముతో క్లోజపిన్ వాడుతున్న అమ్మాయికి వారం వారం రక్తపరీక్షలు, తోడుగా వెళ్ళే తండ్రికి బస్సు చార్జీ, ఆ రోజు పోగొట్టుకున్న కూలీ వస్తాయి. పరీక్ష ఖర్చు కన్నా పోయిన కూలీయే వాళ్ళను ఎక్కువ ఆపుతోంది. ఈ సంగతి రక్తం తీసే చోట రెండు పొద్దులు కూర్చుంటే తెలుస్తుంది.

డాక్టరు దొరకని ఊళ్ళవాళ్ళు 14416కు ఫోన్ చేస్తే ప్రభుత్వ టెలి మానస్ సేవ తెలుగులో పలుకుతుంది. అది 2022 నుంచి ఉంది, ఖర్చు లేదు. చాలామందికి తెలియదు కాబట్టి రాస్తున్నాం.

జన్యు పరీక్షకు బదులుగా మేము చేసిన పని చిన్నది. సహాయం పొందే ప్రతి ఇంటికీ ఒక వంద పేజీల నోటుబుక్కు ఇచ్చాం. మందు పేరు, మోతాదు, మొదలుపెట్టిన తేదీ, పడిందా లేదా, పడకపోతే ఏమైంది, ఆపిన తేదీ. ఇంట్లో ఇంకెవరికైనా ఏ మందైనా వికటించి ఉంటే అదీ. రాయడం రాని తల్లులకు మా బడి పిల్లలు రాసిపెడతారు. డాక్టర్లు మొదట పట్టించుకోలేదు. ఇప్పుడు ఇద్దరు ముగ్గురు "నోటుబుక్కు తెచ్చారా?" అని వాళ్ళే అడుగుతున్నారు.

ఆ దాత ప్రశ్నకు మేము తర్వాతి సమావేశంలో జవాబు చెప్పాం. ఆయన విని, కాసేపు ఊరుకుని, ఆ తల్లి మాత్రలు వెయ్యలేదేమో అన్న తన మాటను మినిట్స్ పుస్తకంలోంచి కొట్టేయించారు. అబ్బాయి ఇప్పుడు మా వీధి చివర జిరాక్స్ షాపులో పనిచేస్తున్నాడు. బరువు ఆరు కిలోలు తగ్గాడు. ఇంటర్ మళ్ళీ కడతానంటున్నాడు.

మొన్న వర్షాలకు వాడి చెల్లెలికి వాంతులు పట్టుకున్నాయి. క్లినిక్‌లో డాక్టరు మెటోక్లోప్రమైడ్ సూది రాశారు. అది కడుపు మందే గానీ, అదీ డోపమిన్ పీటల మీద కూర్చునేదే, పోయేది కూడా 2డి6 గుండానే. ఇదంతా ఆ తల్లికి తెలియదు. నోటుబుక్కు తీసి మొదటి పేజీ చూపించింది: "హాలోపెరిడాల్. రెండో రోజు మెడ తిరిగింది." డాక్టరు చదివి, సిరంజి పక్కన పెట్టించి, ఒండాన్‌సెట్రాన్ రాశారట. సాయంత్రం మా ఇంటికి వచ్చి ఆమె అడిగింది ఒక్కటే: "మాస్టారూ, ఇది కూడా రాయాలా? అసలు ఇవ్వలేదు కదా." రాయమన్నాం.